నట్టు చివరిదాకా బిగించినా లేవని ముందు భాగం: 2001 హైలక్స్ టార్షన్ బార్ కేస్ స్టడీ

బండి 2001 మోడల్ టయోటా హైలక్స్. సింగిల్ క్యాబిన్, టూ వీల్ డ్రైవ్, పెట్రోలు ఇంజను, స్టీరింగు ఎడమ వైపు. యూఏఈలోని ఫుజైరా తీరంలో చేపల పెట్టెలు, ఐసు మోసే బండి. మీటరు నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. ముందు భాగం కుంగిపోయింది, అందులోనూ డ్రైవర్ వైపు ఇంకా ఎక్కువ. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ కింద ఇనుము ఇనుముకి తగిలినట్టు గట్టిగా కొడుతోంది. ముందు టైర్లు లోపలి అంచున దారాలు కనిపించేదాకా అరిగిపోయాయి. ఈ టైర్ల వల్లే బండి రోడ్డు మీద తిరగడానికి చేయించే తనిఖీలో, అంటే పాసింగ్‌లో ఫెయిలైంది.

ఇలాంటి బండి వచ్చిందంటే చాలా గరాజుల్లో ఒకటే పని చేస్తారు. కిందికి దూరి, టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా బండిని మోసే ఉక్కు కడ్డీ) నట్టు పది చుట్లు బిగించి, బండి లేచిందని చూపించి పంపేస్తారు. ఈ బండికి ఆ దారి కూడా మూసుకుపోయింది. ఎడమ వైపు నట్టు అప్పటికే బోల్టు మర చుట్ల చివరిదాకా బిగించి ఉంది. అయినా బండి కిందే ఉంది. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఎత్తు ఎక్కడ పోయిందో తెలుసుకోకుండా నట్టు ముట్టుకోకూడదు. నట్టు తిప్పడం ఈ పనిలో ఆఖరి మెట్టు.

ఈ బండి ముందు భాగాన్ని మోసేది ఏది

1997 నుంచి నడిచిన ఆరో తరం హైలక్స్‌లో టూ వీల్ డ్రైవ్ బండికి ముందు కాయిల్ స్ప్రింగు లేదు, కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగు) లేదు. ఛాసిస్ పొడవునా ఇరువైపులా ఒక్కో ఉక్కు కడ్డీ ఉంటుంది. ఇదే టార్షన్ బార్, గరాజుల్లో టార్షన్ రాడ్ అనేదీ దీన్నే. ముందు కొస, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కంట్రోల్ ఆర్మ్‌కి బిగుస్తుంది. వెనక కొస పళ్లు పళ్లుగా ఉండి యాంకర్ ఆర్మ్ అనే పొట్టి చేతిలో దిగుతుంది. ఆ చేతిని ఛాసిస్ అడ్డ దూలమైన క్రాస్ మెంబర్ దగ్గర ఒక పొడవాటి బోల్టు, నట్టు పట్టి ఉంచుతాయి. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ మెలికే స్ప్రింగు. 2004లో వచ్చిన తరువాతి తరం నుంచి టయోటా ఈ పద్ధతి వదిలి కాయిల్ స్ప్రింగులకు మారింది కాబట్టి, కింద రాసినది అంతకుముందు బండ్లకే వర్తిస్తుంది.

ఆటోనగర్‌లో కమాన్ కట్టల పని నేర్చుకుని గల్ఫ్‌కి వచ్చినవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు పడతారు. కమాన్ కట్టకి ఒక పట్టీ కలిపితే ఎత్తూ పెరుగుతుంది, బలమూ పెరుగుతుంది. టార్షన్ బార్‌కి కలపడానికేమీ లేదు. నట్టు బిగిస్తే కడ్డీ మెలిక ఎక్కడి నుంచి మొదలవుతుందో అది మారుతుంది, అంతే. కడ్డీ బిరుసు రవ్వంత కూడా పెరగదు. బిరుసును నిర్ణయించేవి కడ్డీ మందం, పొడవు, ఉక్కు గుణం. మందానికి నాలుగో ఘాతం లెక్క పడుతుంది. 22 మి.మీ. కడ్డీ బదులు 23 మి.మీ. వేస్తే బిరుసు దాదాపు 19 శాతం పెరుగుతుంది. నట్టు మాత్రం ఎన్ని చుట్లు తిప్పినా ఆ లెక్కలోకే రాదు.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. పాత కడ్డీ "మెత్తబడింది" అనే మాట తప్పు. ఉక్కు బిరుసు ఏళ్లు గడిచినా మారదు. జరిగేది వేరు. ఏళ్ల తరబడి, ముఖ్యంగా మోతాదుకు మించి మెలిపడితే, కడ్డీ కొంత మెలికని శాశ్వతంగా తనలోనే ఉంచేసుకుంటుంది. పాత చోటికి తిరిగి రాదు. ఎత్తు పోయేది అలా. కాబట్టి మంచి కడ్డీ కొంచెం కుంగితే నట్టుతో సరిదిద్దడం న్యాయమైన పనే, ఆ నట్టు అక్కడ పెట్టింది అందుకే. ఎంత కుంగింది, ఎందుకు కుంగింది అన్నదే తేల్చుకోవాలి.

కొలతలు

కొలవకముందు నాలుగు టైర్లలో గాలి సరిచేయాలి. తొట్టి ఖాళీ చేయాలి. ఈ బండి తొట్టిలో ఐసు నీళ్లతో నానిన ప్లైవుడ్ షీట్లు రెండు పరిచి ఉన్నాయి, వాటినీ తీయాలి. సమంగా ఉన్న నేల కావాలి. గరాజ్ నేల సమంగా కనిపిస్తుంది కానీ నీళ్లు పోయడానికి వాలు పెట్టి కడతారు. పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్లు నింపి నాలుగు చక్రాల చోట్ల మట్టం చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తరువాత బండిని ముందుకీ వెనక్కీ రెండు మూడు మీటర్లు నెట్టి, ముందు బంపర్ మీద నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి వదలాలి.

నేల నుంచి ఫెండర్ దాకా కొలవకూడదు, టైరు అరుగుదల అందులో కలిసిపోతుంది. చక్రం నడిమధ్య నుంచి నిలువుగా ఫెండర్ అంచు దాకా కొలవాలి. ఈ బండిలో ఎడమ 388 మి.మీ., కుడి 402 మి.మీ. వచ్చాయి. ఫెండర్‌కి ఎప్పుడో దెబ్బ తగిలి వంగి ఉంటే ఈ లెక్క మోసం చేస్తుంది కాబట్టి, ఛాసిస్‌కి లోయర్ ఆర్మ్ (కంట్రోల్ ఆర్మ్‌లలో కిందిది) బిగిసే బోల్టు నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కూడా రెండు వైపులా కొలిచి సరిపోల్చారు. తేడా అక్కడా కనిపించింది. అంటే తప్పు ఫెండర్‌ది కాదు.

మూడో కొలత బంప్ స్టాప్ దగ్గర. ఆర్మ్ పైకి లేచినప్పుడు గుద్దుకునే రబ్బరుకి, ఇనుముకి మధ్య ఖాళీ ఎడమ వైపు 8 మి.మీ., కుడి వైపు 16 మి.మీ. ఖాళీ బండికే ఇంత తక్కువుంటే మనిషి కూర్చుని బరువెక్కిన తరువాత ఏం మిగులుతుంది? ఎడమ రబ్బరు పైభాగం రాలిపోయి, ఇనుప పళ్లెం మీద మెరిసే గుండ్రటి మచ్చ పడి ఉంది. ఓనరు విన్న చప్పుడు అక్కడిదే.

వెనక వైపు తప్పుని ముందు వైపు మీద వేయకుండా ఇంకో పరీక్ష ఉంది. వెనక ఒక కమాన్ కట్ట కుంగితే ఛాసిస్ మొత్తం ఒరుగుతుంది, ముందు కూడా ఒక వైపు దిగినట్టు కనిపిస్తుంది. వెనక డిఫరెన్షియల్ మధ్యలో జాకీ పెట్టి ఛాసిస్‌ని కాదు, యాక్సిల్‌ని లేపాలి. అప్పుడు వెనక ఛాసిస్ ఒరుగుదల ప్రభావం చాలావరకు తగ్గుతుంది. ముందు కుడి ఎడమల తేడా 14 నుంచి 13కి మాత్రమే వచ్చింది. వెనక కట్టల మీద అనుమానం పోయింది.

తరువాత ముందున్న ఇనుప గార్డు విప్పారు. మందపాటి పైపుతో స్థానికంగా వెల్డింగ్ చేయించినది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. అది తీయగానే రెండు వైపులా 8 మి.మీ. లేచి 396, 410 అయింది. యాక్సిల్‌కి ముందు వేలాడే బరువు కావడంతో అది తన బరువుకి మించి నొక్కుతుంది. దాన్ని మళ్లీ బిగించకూడదని అప్పుడే ఓనరుతో తేల్చుకోవడం మంచిది. బిగిస్తానంటే, తరువాతి లెక్కలన్నీ గార్డుతోనే చేయాలి.

చేరాల్సిన ఎత్తు ఎంత? తయారీదారు వర్క్‌షాప్ మాన్యువల్లో మోడల్‌ని, టైరు సైజుని బట్టి ఎత్తు కొలిచే పద్ధతి, అంకె రెండూ ఉంటాయి. ముందు చూడాల్సింది అదే. దానితో పాటు ఇదే టైరు సైజు ఉన్న ఇంకో మంచి బండిని చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా కొలిస్తే 418 నుంచి 420 వచ్చింది. ఆ ఎత్తులో బంప్ స్టాప్ ఖాళీ 25 మి.మీ. చుట్టూ ఉంటుంది, చక్రం కిందికి దిగడానికీ చోటు మిగులుతుంది. గమ్యం 418గా పెట్టుకున్నారు. అంతకన్నా ఎత్తు అడిగే ఓనర్లు ఉంటారు. ఎందుకు వద్దో కింద చెప్తాను.

అసలు దొరికిన తప్పు

టార్షన్ బార్ వెనక కొస మీద మట్టి, పాత గ్రీజు గట్టిపడి పెంకులా ఉంది. వైరు బ్రష్‌తో రుద్ది, కిరోసిన్ గుడ్డతో తుడిచాక కొస ముఖం మీద అచ్చు కొట్టిన అక్షరం బయటపడింది. ఎడమ వైపున్న కడ్డీ మీద 'ఆర్' అని, అంటే కుడి అని ఉంది. కుడి వైపుది చూస్తే 'ఎల్'.

రెండూ తారుమారయ్యాయి. ఈ బండికి లోయర్ ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు బుష్‌లు అంతకుముందు ఒకసారి మార్చి ఉన్నాయి. ఆ పనికి కడ్డీలు బయటికి తీయాలి. తీసినప్పుడు గుర్తు పెట్టుకోలేదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పళ్లు కూడా రెండు వైపులా సరిపోతాయి, కాబట్టి తప్పు ఆ క్షణాన తెలియదు. బండి లేస్తుంది, నడుస్తుంది, వెళ్లిపోతుంది.

తప్పు ఎందుకు తప్పో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే "ఉక్కు కడ్డీయే కదా, ఏ వైపైతే ఏం" అనే వాదన రోజూ వినిపిస్తుంది. ఫ్యాక్టరీలో ఈ కడ్డీని అది పని చేయబోయే దిక్కులోనే, మామూలు మెలిక కన్నా ఎక్కువగా ఒకసారి మెలిపెట్టి వదులుతారు. పైపొర కొంత శాశ్వతంగా జరుగుతుంది. వదిలేశాక ఆ పైపొరలో ఎదురు దిక్కు ఒత్తిడి దాగి ఉండిపోతుంది. తరువాత బండి బరువు పడినప్పుడు ముందు ఈ దాగిన ఒత్తిడి కరగాలి, ఆపైనే అసలు ఒత్తిడి మొదలవుతుంది. అంటే కడ్డీకి కొంత ఊరట ముందే నిల్వ చేసి ఇచ్చారన్నమాట. అదే కడ్డీని రెండో వైపు వేస్తే మెలిక దిక్కు తిరగబడుతుంది. దాగిన ఒత్తిడి, బండి బరువు ఒకే దిక్కుకి కలుస్తాయి. కడ్డీ తొందరగా లొంగిపోతుంది, కుంగుతుంది. ఇంకా నడిపితే విరగొచ్చు కూడా.

కుంగగానే ఎవరో నట్టు బిగించారు. మళ్లీ కుంగింది, మళ్లీ బిగించారు. డ్రైవర్ కూర్చునే వైపు బరువు ఎక్కువ కాబట్టి ఎడమది ముందు అయిపోయింది. ఎడమ నట్టుకి చుట్లు మిగల్లేదు, కుడి వైపు ఇంకా 14 మి.మీ. చుట్లున్నాయి.

ఎడమ కడ్డీ మీద ఇంకో గుర్తు. మధ్యలో ఒకచోట పెయింటు లేచిపోయి, అడ్డంగా నాలుగు సన్న గాట్లు వరసగా ఉన్నాయి. పైపు పానా పళ్ల ముద్రలు. కడ్డీ బయటికి రాకపోతే ఎవరో పైపు పానా వేసి తిప్పారు. ఆ గాట్లలో ఉప్పు గాలి చేరి గుంటలు గుంటలుగా తుప్పు పట్టింది. మెలిపడే కడ్డీలో అత్యధిక ఒత్తిడి ఉండేది పైపొరలోనే. పగులు మొదలయ్యేది ఇలాంటి గాటు దగ్గరే. బొటనవేలి గోరు అడ్డంగా లాగితే గోరుకి తగిలే గాటు ఏదైనా ఉంటే ఆ కడ్డీని బండికి వేయకూడదు.

ఈ స్థితిలో దారులు మూడు. మొదటిది గరాజుల్లో ఎక్కువమంది చేసేది: యాంకర్ ఆర్మ్‌ని ఒక పన్ను జరిపి దిగేసి, నట్టుకి మళ్లీ చుట్లు సంపాదించుకోవడం. మంచి కడ్డీకి ఇది చేయొచ్చు. తప్పు దిక్కున లొంగిపోయిన కడ్డీకి చేస్తే ఆరు నెలలకు మళ్లీ ఇదే కథ. రెండోది, ఉన్న కడ్డీలనే సరైన వైపులకు మార్చడం. అవి ఇప్పటికే ఎదురు దిక్కున సాగిపోయాయి, ఫ్యాక్టరీలో ఇచ్చిన ఊరట పోయింది, గాట్లు అదనం. కాబట్టి మూడోది: జత మార్చడం. కొత్తవి దొరక్కపోతే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కటింగ్ బండ్ల సామాను అమ్మే దుకాణాల్లో జత దొరుకుతుంది. అక్కడ కొనేటప్పుడు అక్షరాలు 'ఎల్', 'ఆర్' రెండూ ఉన్నాయా, మందం ఒకటేనా అని కాలిపర్‌తో చూసి, పెయింటు కొస నుంచి కొస దాకా చెక్కుచెదరకుండా ఉన్నదే తీసుకోవాలి. యాంకర్ ఆర్మ్‌లు, బోల్టులు, నట్లు కూడా అదే బండివి అడిగి తెచ్చుకుంటే పళ్ల అరుగుదల బాధ ఉండదు. ఒక్క కడ్డీ మాత్రం ఎప్పుడూ మార్చకూడదు.

విప్పడం

ముందురోజు సాయంత్రమే అడ్జస్టింగ్ బోల్టు చుట్లని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి తుప్పు వదిలే నూనె పోసి ఉంచాలి. తుప్పు మీదే నట్టు తిప్పితే చుట్లు చిరిగిపోతాయి, అప్పుడు బరువు మీదున్న బోల్టుని కోయాల్సి వస్తుంది. అది ప్రమాదకరమైన పని.

బండిని ఛాసిస్ కింద లేపి స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రాలు రెండూ గాలిలో వేలాడేలా చేయాలి. గల్ఫ్‌లో బయట తారు మీద పని చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎండాకాలంలో తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగిపోతాయి. కింద ఇనుప పలక పెట్టనిదే బండి కిందికి దూరకూడదు.

చక్రాలు వేలాడుతుంటే కడ్డీలో మెలిక చాలావరకు పోతుంది కానీ పూర్తిగా పోదు. నట్టుని బోల్టు చివరిదాకా మెల్లగా వదులు చేస్తూ రావాలి. బోల్టు పొడవుగా ఇచ్చింది అందుకే. యాంకర్ ఆర్మ్ చేతికి వదులుగా ఆడేదాకా బోల్టు తీయకూడదు. ఆ ఆర్మ్ ఊగే దారిలో తలా ముఖమూ ఉంచకూడదు. చక్రం నేల మీద ఉండగా ఈ బోల్టు తీస్తే యాంకర్ ఆర్మ్ విసిరి కొట్టే దెబ్బ ఎముక విరిచేంత ఉంటుంది.

మామూలుగా అయితే విప్పేముందు కడ్డీ మీద, యాంకర్ ఆర్మ్ మీద, కడ్డీ ముందు కొసని కంట్రోల్ ఆర్మ్‌కి కలిపే టార్క్ ఆర్మ్ మీద ఒకే వరసలో పెయింటు గీత పెట్టి, నట్టు బయటికి బోల్టు ఎంత వచ్చిందో కొలిచి రాసుకోవాలి. గీత పెయింటుతోనే పెట్టాలి, ఉలితో గాటు కొట్టకూడదు. ఇక్కడ పాత అమరికే తప్పు కాబట్టి గీతలు పనికిరాలేదు, కొలత మాత్రం రాసుకున్నారు. కడ్డీ పళ్లలో ఇరుక్కుంటే యాంకర్ ఆర్మ్‌ని రాగి సుత్తితో వెనక్కి కొట్టాలి. కడ్డీని కొట్టకూడదు, పానాతో పట్టకూడదు.

కడ్డీలు బయటికొచ్చాక ఆర్మ్‌లని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూశారు. ఎడమ వైపు, ఆర్మ్‌ని చక్రానికి కలిపే గుండ్రటి కీలైన లోయర్ బాల్ జాయింట్‌లో ఆట ఉంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు రెండూ రబ్బరు చీలి, ఇనుప గొట్టం ఒక పక్కకి ఒరిగింది. లోయర్ ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా ఛాసిస్‌కి పట్టే స్ట్రట్ బార్ రబ్బర్లు నలిగి పల్చబడ్డాయి. ముందు షాక్ అబ్జార్బర్లు నూనె కారి ఎండిపోయాయి. షాక్ అబ్జార్బర్ బండిని లేపదు, ఇక్కడ వాటిని మార్చింది ఊగడం ఆపడానికే. మార్చిన సామాను: టార్షన్ బార్ల జత, దుమ్ము రబ్బర్లు 4, లోయర్ ఆర్మ్ బుష్‌లు 2, స్ట్రట్ బార్ రబ్బర్లు రెండు వైపులా, బంప్ స్టాప్‌లు 2, ఎడమ బాల్ జాయింట్ 1, షాక్ అబ్జార్బర్లు 2, కాటర్ పిన్నులన్నీ కొత్తవి.

బిగించడం

పళ్లని రెండు వైపులా తళతళలాడేలా శుభ్రం చేసి, మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు పూసి, దుమ్ము రబ్బర్లు ఎక్కించి, 'ఎల్' ఎడమకి, 'ఆర్' కుడికి. ఎడమ అంటే డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే ఎడమ. బండి ముందు నిలబడి చూసినప్పుడు కాదు. తారుమారు సగం ఇక్కడే జరుగుతుంది.

గీతలు లేనప్పుడు యాంకర్ ఆర్మ్ ఏ పన్ను మీద దిగేయాలి? చక్రం వైపు ఆర్మ్ పూర్తిగా కిందికి వేలాడుతూ ఉండాలి. అప్పుడు యాంకర్ ఆర్మ్‌ని, బోల్టు పెట్టి నట్టు కొసలో కొన్ని చుట్లు మాత్రమే పట్టేలా దిగేయాలి. ఒక పన్ను అటు అయితే నట్టు అందదు. ఒక పన్ను ఇటు అయితే చుట్లన్నీ అయిపోయినా ఎత్తు రాదు. ఒక్క పన్ను తేడా చక్రం దగ్గర కొన్ని సెంటీమీటర్లవుతుంది కాబట్టి తప్పు దాగదు. రెండు వైపులా నట్టు దాదాపు ఒకే చోట మొదలవ్వాలి.

ఇక బుష్‌ల సంగతి. ఈ పనిలో ఎక్కువమంది చేసే, ఎవరూ గమనించని తప్పు ఇదే అని నా అభిప్రాయం. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు, బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. నట్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్‌కి పట్టేస్తుంది. ఆ క్షణాన ఆర్మ్ ఏ కోణంలో ఉంటే రబ్బరుకి అదే విశ్రాంతి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద దిగిన తరువాత రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. మొదట్లో అది కూడా స్ప్రింగులా బండిని కొంచెం లేపి పట్టుకుంటుంది. పని బాగా వచ్చిందనిపిస్తుంది. కొన్ని వారాలకు రబ్బరు చీలుతుంది, లేపిన ఎత్తులో కొంత పోతుంది, ఓనరు తిరిగొస్తాడు. ఈ బండి పాత బుష్‌లు చీలిన తీరు కూడా ఇదే చెబుతోంది: చీలిక చుట్టూ సమంగా లేదు, ఒకే దిక్కున మెలికలా ఉంది. కాబట్టి ఆ నట్లు చేతి బిగువుతో వదిలేసి, బండిని నేల మీద దించి, ఎత్తు సరిచేసిన తరువాతే మాన్యువల్‌లో చెప్పిన టార్కుకి బిగించాలి.

ఎత్తు పెట్టడం

రెండు వైపుల ఆర్మ్‌లని కలిపే స్టెబిలైజర్ బార్ లింకులు విప్పి పక్కన పెట్టారు. అవి ఉంటే ఒక వైపు ఎత్తు రెండో వైపుకి పాకుతుంది, పైగా బార్‌లో బిగువు మిగిలిపోతుంది. షాక్ అబ్జార్బర్లు బిగించి ఉన్నా పర్వాలేదు.

నట్టు తిప్పే ప్రతిసారీ బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగా తిప్పాలి. బరువు మీద తిప్పితే చుట్లు అరిగిపోతాయి. తిప్పాక దించి, రెండు మీటర్లు నెట్టి, బంపర్ నొక్కి వదిలి, అప్పుడు కొలవాలి. జాకీ మీంచి దించగానే టైర్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి, నేల పట్టుకుని విచ్చుకోవు. నెట్టకుండా కొలిస్తే 15, 20 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి పంపిస్తే గేటు దాటేలోపే బండి మళ్లీ దిగుతుంది.

నట్టు ఒక చుట్టు తిరిగితే యాంకర్ ఆర్మ్ కొస ఒకటి, ఒకటిన్నర మి.మీ. కదులుతుంది. చక్రం మోసే ఆర్మ్ దానికి మూడు నాలుగు రెట్లు పొడవు. ఈ బండిలో చుట్టుకి దాదాపు 5 మి.మీ. ఎత్తు వచ్చింది. మొదటిసారి దించినప్పుడు ఎడమ 404, కుడి 408. ఎడమ మూడు చుట్లు తిప్పితే 419 అయింది, ముట్టుకోని కుడి కూడా 410కి లేచింది. ఎడమ ముందు చక్రం ఎక్కువ బరువు ఎత్తుకుంటే కుడి ముందుది తేలికవుతుంది, కాస్త పైకి వస్తుంది. అందుకే ఒక వైపు పూర్తిచేసి రెండో వైపుకి పోకూడదు, అటూ ఇటూ కొంచెం కొంచెంగా రావాలి. కుడి ఒకటిన్నర చుట్లతో ఎడమ 420, కుడి 418 దగ్గర ఆగారు. ఎడమ 2 మి.మీ. ఎక్కువ ఉంచింది కావాలనే. డ్రైవర్ కూర్చుంటే రెండూ దగ్గరవుతాయి. బంప్ స్టాప్ ఖాళీ రెండు వైపులా 25 వచ్చింది.

ఆ తరువాత లోయర్ ఆర్మ్ నట్లు బిగించి, స్టెబిలైజర్ లింకులు తగిలించారు. లింకు బోల్టు చేత్తో సులువుగా దూరాలి. కొట్టి దూర్చాల్సి వస్తే ఎత్తులో ఇంకా తేడా ఉన్నట్టే. చివర లాక్ నట్టు బిగించి, బోల్టు బయటికి వచ్చిన చుట్లకు గ్రీజు పూశారు. తీరంలో నడిచే బండికి ఈ ముద్ద గ్రీజే మళ్లీసారి నట్టు తిరిగేలా కాపాడుతుంది.

ఎక్కువ లేపితే

450 దాకా లేపమని అడిగేవాళ్లున్నారు. నట్టుకి చుట్లుంటాయి, బండి లేస్తుంది కూడా. కానీ చక్రం మొత్తం ప్రయాణం అంతే ఉంటుంది. పైకి పెంచిన ప్రతి మిల్లీమీటరూ కిందికి దిగే ప్రయాణంలోంచి తీసినదే. గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగాలి. దిగే చోటు లేకపోతే ఆర్మ్ కింది స్టాపుకి కొట్టుకుంటుంది, కొన్ని బండ్లలో షాక్ అబ్జార్బరే స్టాపు పని చేయాల్సి వచ్చి లోపల తెగిపోతుంది. ఆ కొట్టుడే డ్రైవర్‌కి "బార్ గట్టిపడింది" అనిపించేది. బాల్ జాయింట్లు తమ కోణం చివర పని చేసి అరుగుతాయి, టై రాడ్‌లు వంపు తిరిగి గుంట గుంటకీ స్టీరింగు లాగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే వీటికి తోడు ముందు డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు ఎక్కువ కోణంలో తిరిగి, రబ్బరు బూట్లు చిరిగి, లోపలి గ్రీజు పోతుంది. అలాంటి బండికి ఫ్యాక్టరీ ఎత్తు దాటకపోవడమే క్షేమం.

అలైన్‌మెంట్, సర్దుకున్న తరువాత కొలతలు

కుంగిన బండిలో ముందు చక్రాలు పైన లోపలికి వాలి ఉంటాయి. ఈ బండిలో ఈ వాలు కోణం, అంటే కాంబర్, ఎడమ మైనస్ 1.6 డిగ్రీలు, కుడి మైనస్ 0.9. టైరు లోపలి అంచు తిన్నది ఈ వాలే. ఎత్తు సరిచేయగానే ఎడమ ప్లస్ 0.2, కుడి ప్లస్ 0.3కి వచ్చాయి. ఎత్తు పెట్టకుండా అలైన్‌మెంట్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లి ఉంటే, అప్పర్ ఆర్మ్ షిమ్ములు (పల్చటి ఇనుప బిళ్లలు) తీసీ వేసీ ఆ అంకెలు తెరమీద సరిగ్గానే తెప్పించేవారు, బండి మాత్రం అలాగే కొట్టుకుంటూ ఉండేది.

అదే రోజు టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) మాత్రం సుమారుగా పెట్టి పంపి, అసలు అలైన్‌మెంట్ వారం తరువాత చేశారు. కడ్డీలు, రబ్బర్లు మొదటి వారంలో కొంచెం సర్దుకుంటాయి. మామూలు మోతతో 300 కిలోమీటర్లు తిరిగొచ్చాక ఎడమ 416, కుడి 415. రెండు వైపులా అర చుట్టు చొప్పున తిప్పితే 419, 418 వచ్చాయి. అప్పుడు షిమ్ములతో కాంబర్ సర్ది, స్ట్రట్ బార్ నట్లతో క్యాస్టర్ (చక్రం స్టీరింగుతో తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) రెండు వైపులా సమం చేసి, చివర టై రాడ్‌లతో టో పెట్టారు. ఈ వరస మార్చకూడదు, ఎందుకంటే పై రెండింటిలో ఏది కదిపినా టో మారుతుంది. స్టీరింగు రెండు చివరలకీ తిప్పి, చక్రం వేలాడుతుండగా బ్రేకు గొట్టాలు బిగుసుకోవడం లేదని చూశారు. ముందు భాగం లేచింది కాబట్టి హెడ్ లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి, వాటిని కూడా దించారు.

కొత్త టైర్లతో బండి పాసింగ్ అయింది. మూడు నెలల తరువాత ఆయిల్ మార్పుకి వచ్చినప్పుడు కొలిస్తే ఎడమ 418, కుడి 417. బంప్ స్టాప్ రబ్బరు మీద కొత్తగా తగిలిన గుర్తు లేదు. నట్లకు రెండు వైపులా ఇంకా సగానికి పైగా చుట్లు మిగిలి ఉన్నాయి.